సాంబారులో గరిటె, సముద్రంలో ఇంజను

స్నైపర్‌గా పనిచేశానని చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో సినిమా మొదలైపోతుంది. ఎత్తయిన మేడ, జోరువాన, ముఖానికి మసి, వెనకాల డప్పులు. ఇంటర్వెల్ దాకా రానివ్వకుండా ఆ సినిమాను ఆపేయడమే ఉద్యోగం మానేశాక నేను చేస్తున్న సమాజసేవ.

పోయిన వేసవిలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా తెలుగు చర్చి పిక్నిక్ జరిగింది. చికెన్ కాలుస్తున్న ఒక అంకుల్ పట్టకారుతో సహా నా దగ్గరికొచ్చాడు.

"ఏరా, డ్రగ్స్ కార్టెల్ వాళ్లతో ఫైటింగ్ అంట కదా! ఎంతమందిని లేపేశావ్?"

"మనుషుల్నా అంకుల్? ఒక్కర్ని కూడా లేదు."

"మరి?"

"ఇంజన్లని లేపేశాను."

"అంటే మెకానిక్‌వా?"

"దానికి రివర్స్ అంకుల్."

ఆయన నా ప్లేటులో ఇంకో ముక్క వేసి, "పోన్లే, సేఫ్ జాబ్" అన్నాడు. ఆ గొంతులో ఉన్న జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఆకలి తగ్గుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు నన్ను అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారి రాసి పెట్టేస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆ చర్చి ఆదివారం బడే. తప్పులుంటే ఆ అంకుల్‌నే అడగండి, టీచరు ఆయనే.

నేను పనిచేసింది సముద్రం మీద కాపలా కాసే దళంలో. చేపల పడవల లైసెన్సులు చూసే వాళ్లమనుకుంటారు చాలామంది. అదీ చేస్తాం. కానీ అది సైన్యమే, అందులో స్నైపర్లూ ఉంటారు. దక్షిణం నుంచి కార్టెల్ వాళ్లు సరుకు నింపి పంపే పడవలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, వెనక మూడేసి మోటార్లతో నీటి మీద దూకుతూ వస్తాయి. మా నౌక వాటిని ఎప్పటికీ అందుకోలేదు. అందుకని నౌక మీద నుంచి ఒక చిన్న హెలికాప్టర్ లేస్తుంది. అది పడవ పక్కకి చేరి రేడియోలో ఆగమంటుంది, సైరన్ మోగిస్తుంది, పడవ ముందు నీళ్లలోకి హెచ్చరికగా కాలుస్తుంది. అప్పటికీ ఆగకపోతే, తలుపు దగ్గర కూర్చున్న స్నైపర్ పెద్ద రైఫిల్‌తో పడవ మోటారును కొడతాడు. పడవ ఆగుతుంది. మా నౌక నుంచి రబ్బరు పడవలో మనవాళ్లు వెళ్లి పట్టుకుంటారు. కథ అంతే.

మా నాన్న డెట్రాయిట్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంజన్లు ఆగిపోకుండా చూడటమే ఆయన జీవితాంతం చేసిన పని. ఆయన కొడుక్కి ఇంజన్లు ఆపినందుకు జీతం. మా ఇంట్లో తరాల మధ్య అంతరం అంటే ఇదే, మిగతా విషయాల్లో బాగానే ఉంటాం.

ఈ కథ నాది కాదు, మా చీఫ్‌ది. చీఫ్ అనేది హోదా. పేరు రాయను, రాస్తే ఆయన ఫోన్ చేసి మరీ తిడతాడు. పశువుల ర్యాంచ్‌లో పుట్టి పెరిగిన మనిషి. మాట్లాడితే మాటకి అద్దె కట్టాలన్నట్టు మాట్లాడతాడు. తుపాకీ పట్టుకుంటే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ల గుండె కూడా నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఫ్లోరిడాలో హెలికాప్టర్లు పెట్టే మా హ్యాంగర్‌లో నాకు శిక్షణ ఇచ్చింది ఆయనే. మొదటి నెలంతా తుపాకీ ముట్టనివ్వలేదు. పాత మోటార్లు తెచ్చి విప్పించాడు, బిగించమన్నాడు. నాన్నకి ఫోన్‌లో చెబితే, "చూశావా, సంస్కారం ఉన్న మనిషి" అన్నాడు.

చీఫ్‌కి ఒక అలవాటుంది. నియమాల్లో ఉన్న హెచ్చరికలన్నీ అయిపోయాక, ఇక కాల్చవచ్చని అనుమతి వచ్చాక, ఆయన గురి చూసే స్కోపు మీది నుంచి కన్ను తీసేవాడు. రైఫిల్ మీది నుంచి ఎడమ చెయ్యి ఎత్తి, పడవ వెనక ఉన్నవాళ్ల వైపు చూసి, అరచేత్తో గాలిని పక్కకి తోసేవాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. తప్పుకోండి, తప్పుకోండి. ర్యాంచ్‌లో గేటు దగ్గర దూడల్ని తోలే సైగ అది. ఏ మాన్యువల్‌లోనూ లేదు. హ్యాంగర్‌లో అందరూ దాన్ని అనుకరించి ఏడిపించేవాళ్లు. క్యాంటీన్ లైన్‌లో చీఫ్ వెనక నిలబడి, ముందున్నవాళ్లని అలాగే తోలేవాణ్ణి నేను.

"ఎందుకు చీఫ్, ఆ ఒక్క సైగ వల్ల ఎవరైనా తప్పుకున్నారా?" అని ఒకసారి అడిగాను.

"కొందరు."

"తప్పుకోనివాళ్లు?"

"వాళ్లు ఎందుకు తప్పుకోలేదో తెలుస్తుంది."

పెద్ద జవాబులా అనిపించలేదప్పుడు. మాటకి అద్దె కట్టేవాడు కదా, చవకది తీసుకున్నాడనుకున్నాను.

ఆ ఏడాది మంచు పడుతున్న రోజుల్లో నేను సెలవు మీద ట్రాయ్ వచ్చాను. చీఫ్ చెల్లెలు ఉండేది అక్కడికి దగ్గర్లోనే. ఆమెను చూడటానికి వచ్చిన చీఫ్‌ని మా అమ్మ వదులుతుందా, భోజనానికి పిలిచింది. వచ్చినవాడికి మొదట ప్రార్థన. తెలుగులో, తీరిగ్గా, చలికాలం సాంబారు చల్లారేంత సేపు. చీఫ్ తల వంచుకుని, అర్థం కాకపోయినా ఆమెన్ మాత్రం సరైన చోట అన్నాడు. ఆ దెబ్బకి అమ్మ దృష్టిలో ఆయన మనవాడైపోయాడు.

నాన్నకి మాత్రం మనసులో ఒక బాధ ఉంది. మూడో ముద్ద దగ్గర బయటపడింది.

"మీరు మోటారుని ఎక్కడ కొడతారు?"

"పైన, సర్. మూత కింద ఇంజన్ ఉంటుంది కదా, అక్కడ."

నాన్న ముఖం చూడాలి. ఎవరో దగ్గరివాళ్లు పోయారని చెప్పినట్టయింది. "బ్లాక్‌ పగిలిపోతుందే! అంత మంచి ఇంజన్... కింద కొట్టొచ్చుగా?"

"ఏమండీ, ఆయన్ని తిననివ్వండి" అంది అమ్మ.

నాన్న వినలేదు. సాంబారు గిన్నెలో నిలబెట్టి ఉన్న గరిటె కాడ పట్టుకున్నాడు. "చూడండి, ఇది మీ మోటారు. కాడ పైకొస నా చేతిలో ఉందే, అది ఇంజన్. పొడుగ్గా కిందికి వెళ్లేది కాలు. అడుగున గరిటె ఉన్న చోట గేర్లు, ప్రొపెల్లర్. అక్కడ కొడితే పడవ ఆగుతుంది, ఇంజన్ బతుకుతుంది. ఆ గేర్ల పెట్టె, గేర్‌కేస్, మార్చుకుంటే మళ్లీ నడుస్తుంది."

"కింద ఉన్నది నీళ్లలో ఉంటుంది సర్. కనపడదు."

"ఎప్పుడూనా? పడవ అల మీద ఎగిరినప్పుడు?" అంటూ నాన్న గరిటెను పైకి లేపాడు. సముద్రంలోంచి గేర్‌కేస్ బయటికొచ్చింది, దాంతో పాటు ఒక మునక్కాడ ముక్క కూడా. గరిటె అంచు నుంచి సాంబారు అమ్మ తెల్ల టేబుల్‌క్లాత్ మీద ధార కట్టింది.

"అయ్యో! కొత్తదండీ అది! ఇంటికొచ్చిన మనిషి ముందు ఈ విన్యాసాలేంటి?"

చీఫ్ నవ్వడం నేను చూసిన మొదటిసారి అది. "కనురెప్ప పాటు సేపు కనిపిస్తుంది సర్. కదిలే పడవ, కదిలే హెలికాప్టర్. అది షాట్ కాదు, లాటరీ."

నాన్న ఓటమి ఒప్పుకుని గరిటె దించాడు. అమ్మ మరక మీద ఉప్పు చల్లింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం అందరం.

వసంతంలో నౌక మీదికి వెళ్లాం. మామూలుగా హెలికాప్టర్ వెనక సీట్లో స్నైపర్ ఒక్కడే ఉంటాడు. నేనింకా కొత్తవాణ్ణని ఆ విడత ఇద్దరం వెళ్లాం. అసలే చిన్న హెలికాప్టర్. నా బరువు ఎక్కినంత మేరకి ఇంధనం తగ్గించాలి. పైలట్ మేడమ్ ఎక్కేటప్పుడు నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ బ్రేక్‌ఫాస్ట్ మన వెనక్కి వచ్చే ఇంధనంలోంచి తీసుకున్నావు, తెలుసా?" అనేది.

అసలు రోజు ఎండ బాగా ఉంది. సముద్రం మాత్రం పెద్ద పెద్ద అలలతో లేచి పడుతోంది. పడవ దొరికింది. నీలిరంగు టార్పాలిన్ కింద సరుకు, ముందు నలుగురు మనుషులు, వెనక మూడు మోటార్లు. రేడియోలో చెప్పాం, సైరన్ వేశాం, ముందు నీళ్లలోకి కాల్చాం. వాళ్లు ఇంకా వేగం పెంచారు. నౌక నుంచి అనుమతి వచ్చింది. చీఫ్ రైఫిల్ భుజానికి ఆనించాడు. నేను పక్కన బైనాక్యులర్స్‌తో ఉన్నాను.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి. మోటార్లకి అడ్డంగా, మూడింటి మీదా బోర్లా పడుకుని ఉన్నాడు. చేతులు ఒక చివర మోటారు చుట్టూ, కాళ్లు రెండో చివర నుంచి వేలాడుతూ. సరిగ్గా మేం కొట్టే చోట.

ఇది వాళ్లకి కొత్త కాదు. మేం మనుషుల్ని కాల్చమని వాళ్లకి తెలుసు కాబట్టి ఎవణ్ణో ఒకణ్ణి మోటార్ల మీద పడుకోబెడతారు. అలా జరిగితే స్నైపర్ తుపాకీ దించుతాడు. మేం వెంట ఎగురుతూ ఉంటాం, ఇంధనం అయిపోతుంది, వెనక్కి వచ్చేస్తాం. చీఫ్ అంతకుముందు అలాంటి పడవను ఒకదాన్ని పోనిచ్చాడు. నన్ను అడిగితే దాని గురించి గొప్పగా చెప్పుకోవాల్సింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

చీఫ్ స్కోపు మీది నుంచి కన్ను తీశాడు. చెయ్యి ఎత్తి గాలిని పక్కకి తోశాడు. తప్పుకో. మళ్లీ తోశాడు. తప్పుకో.

ఆ మనిషి తల ఎత్తి మమ్మల్ని చూశాడు. అడ్డంగా ఊపాడు. తర్వాత మోచెయ్యి కాస్త పైకి లేపాడు. మణికట్టు నుంచి మోటారు దాకా బిగిసిన తాడు బైనాక్యులర్స్‌లో నాకు స్పష్టంగా కనిపించింది. వాడు మోటారుని కాపాడటం లేదు, మోటారుకి కట్టేసి ఉన్నాడు.

"కట్టేశారు చీఫ్."

"చూశాను. కాళ్లు చూడు."

కాళ్లకి తాడు లేదు. పడవ ఎగిరిన ప్రతిసారీ వాడి శరీరం కొంచెం కిందికి జారుతోంది. చేతులు పైన కట్టి ఉన్నాయి, కాళ్లు ప్రొపెల్లర్ వైపు దిగుతున్నాయి. మేం పైన కొడితే వాడు పోతాడు. పడవను పోనిస్తే, ఆ అలల్లో ఇంకాసేపటికి వాడంతట వాడే పోతాడు.

పైలట్ మేడమ్ గొంతు హెడ్‌సెట్‌లో వినిపించింది. "ఇంధనం ఎక్కువ లేదు. ఏం చేద్దాం?"

ఇక్కడ నేనొక గొప్ప సలహా ఇచ్చానని రాసుకోవచ్చు, ఖండించేవాళ్లెవరూ లేరు. నా బుర్రలో ఆ క్షణాన ఉన్నది ఒక్కటే, పొద్దున రెండో ఆమ్లెట్ తినకుండా ఉండాల్సిందని.

చీఫ్ ఒక్కసారి ఊపిరి వదిలి, "సాంబార్" అన్నాడు.

"ఏంటది, కోడ్ వర్డా? నాకు బ్రీఫింగ్‌లో చెప్పలేదే" అంది మేడమ్.

నాకు మాత్రం అర్థమైంది. పడవ ఒక అల మీద నుంచి లేచింది. ఆ కనురెప్ప పాటు సేపు మూడు గరిటెలూ సముద్రంలోంచి బయటికొచ్చి, నీళ్లు కారుస్తూ మెరిసి, మళ్లీ మునిగిపోయాయి.

"మేడమ్, పడవకి వెనకగా, ఎడమ పక్కకి, ఎంత కిందికి వీలైతే అంత కిందికి. ఎడమ మోటారు కాలు కొడతాను. వాడి తల కుడి పక్కన ఉంది, కాళ్లు మధ్య మోటారు వైపు జారాయి. ఎడమ మోటారు కాలు చుట్టూ ఎవరూ లేరు." చీఫ్ ఒక్క దమ్ములో అన్ని మాటలు మాట్లాడటం నేను మళ్లీ వినలేదు.

"తప్పితే?"

"సముద్రానికి తగులుతుంది. పైకి మాత్రం వెళ్లదు. పైకి వెళ్లేలా ఉంటే కాల్చను."

హెలికాప్టర్ కిందికి దిగింది. మీకు విమానాలంటే ఇష్టమైతే గుర్తుపెట్టుకోండి, ఆ రోజు గురించి చెప్పేవాళ్లంతా షాట్ గురించే చెబుతారు. అలల మీద ఎగిరెగిరి పడుతున్న పడవ పక్కన ఆ యంత్రాన్ని బల్ల మీద పెట్టినట్టు నిలబెట్టిన ఆమె గురించి ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను.

"నువ్వు అల చూడు, నేను మోటారు చూస్తాను. లేచేటప్పుడు చెప్పు" అన్నాడు చీఫ్.

పడవ లేచింది. "ఇప్పుడు!" అన్నాను. నేను ఇప్పుడు అనేలోపు ఇప్పుడు అయిపోయింది. రైఫిల్ పేలింది, మోటారు వెనక నీళ్లు చిమ్మాయి.

"సముద్రాన్ని కొట్టాం" అన్నాడు చీఫ్, వాతావరణం చెప్పినట్టు. "లేచాక కాదు. లేవబోయే ముందు చెప్పు."

కట్టేసి ఉన్న మనిషి మోకాళ్లు ఇప్పుడు మోటార్ల కిందికి దిగిపోయాయి. వాడు మా వైపు చూడటం లేదు. కళ్లు మూసుకున్నాడు.

నేను పడవను చూడటం మానేశాను. దాని ముందున్న నీళ్లని చూశాను. ఒక అల కొండలా వస్తోంది. పడవ ముక్కు దాన్ని తాకింది. వీపు కాస్త పైకెత్తుకుంది.

"ఇప్పుడు."

పేలుడు వినిపించిన క్షణమే ఎడమ మోటారు కాలు ముక్కలై ఎగిరింది. పడవ మళ్లీ నీళ్లలో పడేసరికి ఆ పక్క ప్రొపెల్లర్ లేదు. పడవ పక్కకి లాగింది, వేగం పడిపోయింది. మామూలుగా అయితే ఇక రెండోదాన్ని కొట్టాలి. కానీ నెమ్మదించిన పడవ అల మీద ఎగరదు కదా. మా గెలుపే మా పద్ధతికి అడ్డం వచ్చింది. ఇక కొట్టడానికి ఏమీ లేదు. అవసరం కూడా రాలేదు. ఆ కుంటి పరుగుని మా రబ్బరు పడవ అందుకుంది. చుట్టుముట్టగానే ముందున్న నలుగురూ చేతులెత్తారు, మోటార్లు ఆగాయి.

రబ్బరు పడవ నుంచి మనవాడొకడు ముందు సరుకు దగ్గరికి పోలేదు, తాడు దగ్గరికి పోయాడు. కోశాడు. ఆ మనిషి చేతులు తెరుచుకోలేదు. మోటారును పట్టుకున్న వంపులోనే బిగిసిపోయి ఉన్నాయి. అలాగే ఎత్తుకుని తమ పడవలో కూర్చోబెట్టారు.

మాకు చూస్తూ కూర్చునేంత ఇంధనం లేదు. నౌక మీద దిగాక మేడమ్ హెల్మెట్ తీసి అడిగిన మొదటి ప్రశ్న, "సాంబార్ అంటే ఏంటి?" పప్పుతో చేసే పులుసు అని చెప్పాను. ఆమె మా ఇద్దర్నీ చాలాసేపు చూసింది. నివేదికలో ఆ పదం రాయలేదు.

మధ్యాహ్నం ఆ మనిషిని డెక్ మీదికి తెచ్చారు, మణికట్లకి కట్లతో. పడవలో ఆఖరున చేరినవాడట. దారిలో వెనక్కి పోతానన్నాడని, అలాగైతే నీకు ఇదే పని అని కట్టేశారట. ఇదంతా స్పానిష్ వచ్చిన మావాడొకడు అడిగి చెప్పింది. నిజమో కాదో తేల్చేది కోర్టు, నేను కాదు. తాడు మాత్రం నిజం.

చీఫ్ దూరంగా నిలబడి రైఫిల్ తుడుస్తున్నాడు. హెల్మెట్ తీసేసిన ఆయన్ని ఆ మనిషి ఎలా గుర్తుపట్టాడో తెలియదు. చూశాడు. కట్టు కట్టిన చెయ్యి నెమ్మదిగా పైకెత్తాడు. అరచేత్తో గాలిని పక్కకి తోశాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

చీఫ్ చేతిలో గుడ్డ ఆగింది. తిరిగి అదే సైగ చేశాడు. తర్వాత కుక్ దగ్గరికి వెళ్లి, అతనికి ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు. ఇక్కడ మీకు కన్నీళ్లు వస్తాయేమోనని చెబుతున్నాను, ఆ అన్నం నా వాటాలోంచి తీశారు. బరువు తగ్గాలట.

నౌక తీరానికి చేరాక నాన్నకి ఫోన్ చేశాను. గేర్‌కేస్ కొట్టిన సంగతి చెప్పాను.

"ఇంజన్ బతికిందా?" అన్నాడు ముందు.

"బతికింది నాన్నా. తర్వాత రూల్ ప్రకారం పడవతో సహా ముంచేశాం."

"అయ్యో!" ఆ తర్వాత, ఇంకా చిన్న గొంతుతో, "పైన మనిషెవరైనా ఉన్నాడా?" అన్నాడు. ఇంజనీర్లు ప్రశ్నలు ఏ వరసలో అడిగినా, అసలు ప్రశ్న మర్చిపోరు.

మరుసటి చలికాలం చీఫ్ మళ్లీ ట్రాయ్ వచ్చాడు, నేనూ ఇంటికి వచ్చాను. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. నేనూ నా గడువు ముగించి క్యారీ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. అక్కడ కూడా నడుస్తున్నవాటిని ఆపడమే పని. ఈసారి అమ్మ ప్రార్థనలో పేరు తెలియని ఒక మనిషి చేతుల కోసం వేడుకుంది. చీఫ్‌కి తెలుగు రాదు కదా, ఆమెన్ మళ్లీ సరైన చోటే అన్నాడు.

భోజనం మధ్యలో నాన్న ఉండబట్టలేకపోయాడు. "సరిగ్గా ఎప్పుడు కొట్టారు? మొత్తం బయటికొచ్చాకా, వస్తుండగానా?"

చీఫ్ సాంబారు గిన్నెలో గరిటె కాడ పట్టుకున్నాడు. నెమ్మదిగా పైకి లేపాడు. గరిటె అంచు సాంబారులోంచి బయటపడిందో లేదో, అక్కడ ఆపి, రెండో చేతి వేలితో తాకాడు. ఇక్కడ. నాన్న ముందుకి వంగి చూశాడు. నేనూ చూశాను. గరిటె నుంచి చుక్క తర్వాత చుక్క, పాత మరక పక్కనే, తెల్ల టేబుల్‌క్లాత్ మీద పడుతోంది.

అమ్మ ఈసారి ఉప్పు డబ్బా కోసం లేవలేదు. చీఫ్ గరిటె దించేదాకా, ఆ చుక్కల్నే చూస్తూ కూర్చుంది.